నాచుబిళ్ళ

దాలినాయుడు మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నది ఆ బిళ్ళ మూలంగానే. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఆయన జీడి బట్టీలో పిక్కలు ఉడకబెట్టాను. ప్రతి శనివారం కూలి డబ్బులు నా దోసిట్లోకి జానెడు ఎత్తునుంచి జారవిడిచేవాడు. జీడి సొన అంటుకుంటుందని అనేవాడు. అడ్డం సొన ఒక్కటే కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అలాంటి మనిషి ఒక గురువారం సంతలో, పదకొండు ఊళ్ళ జనం చూస్తుండగా, నా అరచేతి మీద తన అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచాడు. మెత్తగా, చల్లగా ఉంది ఆ చెయ్యి. నేను కావాలనే పదిని నెమ్మదిగా లెక్కపెట్టాను.

బ్యాంకులు తలుపులు వేసుకుని అప్పటికి ఏడు నెలలు. ఫోన్లో ఉన్న డబ్బు ఫోన్లోనే ఉండిపోయింది. నోట్లు పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చాయి. బట్టీలు మూతపడ్డాయి. మొదట్లో వస్తుమార్పిడితో నెట్టుకొచ్చాం. కొబ్బరికాయకి చేప, చేపకి బియ్యం. కానీ ఒడ్డున వల లాగేవాడికి రోజూ కొబ్బరికాయ ఎందుకు? బియ్యం ఉన్నవాడు మన చేతిలో ఏముందో కిటికీలోంచి చూసి, అప్పుడు తలుపు తీసేవాడు. ఊళ్ళన్నీ కలిసి సంఘం పెట్టి డబ్బుకి బదులు చీటీలు అచ్చువేశాయి. నెల తిరక్కుండా దొంగ చీటీలు పుట్టాయి, అసలువి దాలినాయుడులాంటి వాళ్ళ బీరువాల్లోకి చేరాయి. ఆ సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. ఏ కాలమొచ్చినా కుర్చీలు వాళ్ళకే ఉంటాయి.

బిళ్ళని తయారుచేసింది హిరణ్మయి మేడం. మూతపడిన కాలేజీలో జీవశాస్త్రం చెప్పేది. జీతం లేకపోయినా ప్రయోగశాల తాళం మాత్రం వదల్లేదు. కొబ్బరి చిప్పల్ని రూపాయి బిళ్ళంత గుండ్రంగా కోసే మనిషి కావాలంటే నన్ను చూపించారు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి కాలేజీ లోపలికి రానిచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషి ఆవిడ ఒక్కర్తే.

నేను కోసిన చిప్పముక్క మీద ఆవిడ ఏదో పచ్చటి నాచు పూసి, పైన ఉల్లిపొరంత పల్చటి పొర అతికించింది.

"బృందావనం గారూ, దీన్ని మూడు రోజులు మీ దగ్గరే ఉంచండి. అప్పుడప్పుడు అరచేతిలో పట్టుకోండి. అంతే."

పట్టుకున్నాను. మొదటి రోజు లేత వరిమడిలా ఉంది. మూడో రోజుకి పసుపు తిరిగింది. నా చేతిలో పాడైపోయిందని భయపడుతూ తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని తన అరచేతిలో పెట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చుంది. మర్నాటికి మళ్ళీ పచ్చబడింది.

"ఇది చెమట తాగి బతుకుతుంది. ఒకే మనిషి చెమటైతే దీనికి వెగటు. చెయ్యి మారాలి."

"మారకపోతే?"

"చచ్చిపోతుంది."

నాకు నవ్వు ఆగలేదు. దాచుకుంటే చచ్చిపోయే డబ్బు. దాలినాయుడి బీరువా గుర్తొచ్చి ఇంటికెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఏడాదిపాటు ఆ బిళ్ళే మమ్మల్ని బతికించింది. ఇచ్చేవాడి అరచేతిలో బిళ్ళ, దాని మీద పుచ్చుకునేవాడి అరచెయ్యి, పది అంకెలు. మంగలి చెయ్యీ కరణంగారి చెయ్యీ, చేపల చెయ్యీ గుడి ప్రసాదం చెయ్యీ. జానెడు ఎత్తునుంచి జారవిడిస్తే సంతలో ఒప్పుకునేవాళ్ళు కాదు. నా జన్మలో నేను చూసిన మంచి రోజులు అవే. మొదటి బిళ్ళ బతికింది నా చేతిలోనే అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకునేవాణ్ణి.

రెండో వానాకాలంలో మొదటి నల్లబిళ్ళ వచ్చింది.

ఎండుచేపల గున్నమ్మ చేతిలో. ఒడ్డు నుంచి గంప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చే ముసల్ది. ఆ బిళ్ళ పసుపు తిరగలేదు, మాడిన అప్పడంలా నల్లబడింది. ఎన్ని చేతులు మార్చినా మళ్ళీ పచ్చబడలేదు. నెలలో ఆమె దగ్గరే మూడు అలాగే పోయాయి.

మేడం వాటిని గాజుపలక మీద పెట్టి, మందు చుక్కలు వేసి చూసింది. నేను పక్కనే చిప్పలు అరగదీస్తున్నాను. ఆవిడ మళ్ళీ మొదటి బిళ్ళ తీసి ఇంకో చుక్క వేసింది.

"ఏటైనాది మేడం?"

"యూరియా. ఎవరి చెమటలోనో అది ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉంది."

నా చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది. మా వైపు ఈ మాటలకి అర్థం చెప్పక్కర్లేదు. కిడ్నీ పోయి మంచం మీద ఉన్న మనిషి లేని వీధి లేదు. క్రియాటిన్ ఎంతుందని సంతలో పలకరింపుగా అడుగుతారు. మా నాన్న పరీక్ష కాగితం చేతికొచ్చిన రోజే మంచమెక్కాడు. ముందు రోజు దాకా కొబ్బరిచెట్టెక్కిన మనిషి నలభై రోజుల్లో పోయాడు. ఆయన్ని చంపింది జబ్బు కాదు, ఆ కాగితమేనని నా నమ్మకం. అందుకే రక్తం తీసే బండి మా ఊరొచ్చినప్పుడల్లా నేను జీడితోటలోకి వెళ్ళిపోయేవాణ్ణి. యాభై దగ్గరపడుతున్నా ఒక్క చుక్క ఇవ్వలేదు.

కబురు పొక్కింది. గురువారం సంఘం కూర్చుంది.

"మూడు బిళ్ళలు మాడ్సినోళ్ళ పేరు సంఘం పుస్తకంలో కొట్టీడమే," అన్నాడు దాలినాయుడు. "ఆళ్ళతో ఎవులూ సెయ్యి కలపడానికి నేదు. నేకపోతే ఊళ్ళ బిళ్ళలన్నీ మాడిపోతాయి."

మేడం లేచి నిలబడింది. "నేను దీన్ని డబ్బు కోసం చేశానండీ, జబ్బున్నవాళ్ళని ఏరడానికి కాదు. పైగా నల్లబడటానికి ఎంతసేపు పడుతుందో నాకే ఇంకా తెలీదు. బిళ్ళని పాడుచేసిన చెయ్యి ఒకరిదీ, అది నల్లబడినప్పుడు పట్టుకున్న చెయ్యి ఇంకొకరిదీ కావచ్చు."

"గిన్ని పగిలితే ఎవుడి సేతిలో పగిలిందో ఆడ్నే కదా అడుగుతాం మేడం."

జనం నవ్వారు. గున్నమ్మ పేరు కొట్టెయ్యడానికి చేతులెత్తమన్నాడు. ముందు లేచిన చేతుల్లో నాదీ ఉంది. ఎందుకని ఇప్పుడు అడిగితే, భయం. ఆ గంప పక్కన కూర్చున్న గున్నమ్మలో నాకు మా నాన్న కనిపించాడు. ఆమె ఎవర్నీ తిట్టలేదు. గంప తనే ఎత్తుకోబోయింది, బరువుకి ఆగలేక పడబోయింది. ఒక చెయ్యి సాయం వెయ్యాల్సిన పక్కనున్నవాడు వెనక్కి జరిగాడు.

ఆ పక్కనున్నవాణ్ణి నేనే.

తర్వాత పది రోజులకి నల్లబిళ్ళ మా ఇంట్లో కనిపించింది.

సాయంత్రం ప్రయోగశాల నుంచి కూలిగా తెచ్చిన బిళ్ళలు మా ఆవిడ లోలాక్షి చేతికిచ్చేవాణ్ణి. అరచేతిలో అరచెయ్యి, పది అంకెలు, ఇంట్లో కూడా అదే పద్ధతి. ఆమె కొంగున ముడేసుకునేది. ఆ ఉదయం ముడి విప్పి చూపించింది. రెండూ బొగ్గులు.

"ఇంకెవులికైనా సూపించినావా?" అన్నాను.

"నేదు."

"నీ సెయ్యి ఇలాగియ్యి."

చూశాను. పదిహేనేళ్ళు పిక్కలు కొట్టిన చెయ్యి. సొన కాల్చిన మచ్చలు, అరిగిపోయి గీతలు కనిపించని వేళ్ళు. ఆ చేతిలో జబ్బు ఎక్కడుందో కళ్ళతో వెతికాను.

"లోలా, ఇది నీ సెయ్యే."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పెరట్లో అరటిబోదె కింద గొయ్యి తీసి వాటిని పూడ్చిపెట్టాను.

పేరు కొట్టేస్తే ఏమవుతుందో చెప్పాలి. బియ్యం ఉండదు. మందు ఉండదు. రక్తం కడిగే మిషను దగ్గర పనిచేసేవాళ్ళు కూడా తినాలి కదా, వాళ్ళూ బిళ్ళలే అడుగుతున్నారు. అంటే ఆ మిషను ఎవరికి కావాలో, వాళ్ళకే అది అందదు. నేను అది ఆలోచించుకుంటూనే పళ్ళెం ఖాళీ చేసేవాణ్ణి. లోలాక్షిని సంతకి పోనివ్వలేదు. బిళ్ళ ఇంటికి తేవడం మానేశాను. వచ్చింది వచ్చినట్టు చీకటి పడకముందే ఖర్చుపెట్టేసేవాణ్ణి.

ఆ నెలలో ఇంకో ఇద్దరి పేర్లు కొట్టేశారు. ఒకడు కిటికీలోంచి చూసి తలుపు తీసే బియ్యం షావుకారు. వాడికి బాగా అయిందనుకున్నాను. నేను ఎక్కువగా బియ్యం కొన్నది వాడి దగ్గరే అన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

చిప్పల కోసం రెండు రోజులు ఒడ్డు వైపు వెళ్ళి తిరిగొచ్చేసరికి లోలాక్షి నన్ను కొత్తగా చూసింది. కాళ్ళు కడుక్కుంటుంటే వంగి పాదాలు నొక్కి చూసింది. వేలు పెట్టిన చోట గుంట పడి నెమ్మదిగా నిండింది.

"కాళ్ళు వాసినాయేటి మావా?"

"నడిసొచ్చినోడి కాళ్ళు మరేలగుంటాయి? నీ సంగతి సూసుకో."

ఆమె తన సంగతే చూసుకున్నట్టు లేచి వెళ్ళిపోయింది.

అంతలో దాలినాయుడు అందరికీ చేతి పరీక్ష అన్నాడు. మేడం పైపొర లేని బిళ్ళలు చేసింది. వాటి మీద చెమట నేరుగా పడుతుంది, ఒక అగరుబత్తి కాలేలోపు సంగతి తేలిపోతుంది. "నేను చెయ్యకపోతే కళ్ళతో చూసి కొట్టేస్తారు. ఇదైతే కనీసం తప్పు మనిషిని పట్టుకోదు," అంది నాతో. బిళ్ళలే ఆపేస్తే పోలేదా అన్నాను. "ఆపేస్తే పదకొండు ఊళ్ళు రేపేం తింటాయి?" అంది. బిళ్ళల్ని చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో తీసి పెట్టెలో సర్దింది. తను పుట్టించినదాన్ని చూసి భయపడే మనిషిని అప్పుడే చూశాను.

పరీక్ష రోజు పొద్దున్న లోలాక్షి రెండు అరచేతులకీ ఆముదం రాసి, పైన బూడిద అద్దాను. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు సొన అంటకుండా రాసుకునేది అదే. సొనని ఆపింది చెమటని ఆపదా అనుకున్నాను. ఇలాంటివి మా బుర్రలకే తడతాయి, చదువుకున్నవాళ్ళకి తట్టవు.

"నీకు బయంగా ఉందా మావా?"

"నాకెందుకు? పరీక్ష నీకు."

"నాకు బయంగా ఉంది. సెయ్యి పట్టుకో."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో వీధిలో ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోలేదు. ఆ రోజు సంతదాకా, రెండు మైళ్ళు, నా కుడిచేతిని వదల్లేదు. వేళ్ళ మధ్య వేళ్ళు జొనిపి అరచేతిలో అరచెయ్యి రుద్దుతూ నడిచింది. పాపం, వణికిపోతోందనుకున్నాను.

దాలినాయుడు బట్టీ యజమాని. ఆముదం వాసన ఆయనకి పది గజాల నుంచే తెలుస్తుంది.

"ఏటే లోలాక్షీ, బట్టీ మూసి రెండేళ్ళు అవుతాంది. ఏ పిక్కలు కొట్టొచ్చినావు?"

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. పళ్ళెంలో కుంకుడు రసం తెచ్చి ఆమె చేతిని తోమించాడు. బూడిద నీళ్ళు మట్టిలోకి ఇంకిపోయాయి. పారిపోదామా అని చుట్టూ చూశాను. తడి తుడిచి, అరచేతిలో పొరలేని బిళ్ళ పెట్టి, అగరుబత్తి ముట్టించారు. ఆ బత్తి అంతసేపు కాలుతుందని నాకెప్పుడూ తెలీదు. బూడిద వంగి, వంగి, రాలింది.

బిళ్ళ పచ్చగానే ఉంది.

"మరి ఆవుదం ఎందుకు రాసినావే ఎర్రిదానా," అన్నాడు దాలినాయుడు. ఆమె తల వంచుకుని పక్కకి జరిగింది. నాకేమీ అర్థం కాలేదు. సంతోషం కూడా రాలేదు.

తర్వాత నా వంతు. "మొదటి బిళ్ళ బతికింది నీ సేతిలోనే కదరా," అంటూ నా చెయ్యి కూడా చూడకుండా బిళ్ళ పెట్టాడు. బత్తి కాలింది. పచ్చగానే ఉంది. మేడం దాన్ని తీసుకుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. వేలితో రాసి చూసుకుంది. తర్వాత నా ముఖం చూసింది. ఆవిడ ముఖంలో నెత్తురు లేదు.

"సరే. వెళ్ళండి," అంది.

ఊరు దాటాక నా అరచెయ్యి విప్పి చూసుకున్నాను. గీతల్లో బూడిద. మెరుస్తున్న ఆముదం.

దారి మధ్యలో ఆగిపోయాను. రెండు మైళ్ళు నా చెయ్యి ఎందుకు పట్టుకుందో అప్పుడు తెలిసింది. గున్నమ్మకి ఆ నెల ఎండుచేపలకి బిళ్ళలిచ్చింది ఎవరో, షావుకారుకి ఇచ్చింది ఎవరో, కొంగున ముడేసుకున్న బిళ్ళల్ని ముందు రోజంతా పట్టుకున్నది ఎవరో ఒకదాని వెనక ఒకటి తెలిసింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"నువ్వు రెండ్రోజులు ఊర్లో నేకపోయినప్పుడు. పక్కింటోళ్ళ కాడ బిళ్ళ తెచ్చి పట్టుకున్నాను. పచ్చగా ఉండిపోనాది."

"మరెందుకు సెప్పనేదు?"

"మీ నాన్న కాగితం సూసే కదా మంచమెక్కినాడు. నా సెయ్యి అనుకున్నన్నాళ్ళూ నన్ను దాయడానికి తిరిగినావు, తిన్నావు, పన్లోకి ఎల్లినావు. నీదని తెలిస్తే ఆ రోజే పడిపోతావు." మళ్ళీ నడక మొదలెట్టి అంది, "నా సెయ్యే అన్నావు సూడు, అప్పుడు మాత్రం నాకు శానా కష్టమైనాది."

మర్నాడు మేడం ఇంటికొచ్చింది. రక్తం ఇమ్మంది. ఇప్పుడైనా తెలుసుకుంటే మందులతో కొన్నేళ్ళు నెట్టుకురావచ్చంది. నేను తలుపు చాటునే నిలబడ్డాను. "మందులకి బిళ్ళలు కావాల కదా మేడం. ఈ సేత్తో పట్టుకెళ్ళి ఇమ్మంటావా?" అన్నాను. ఎవరికీ చెప్పనని మాత్రం మాటిచ్చి ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మాట విని నాకు ధైర్యం రావాలి. రాలేదు. వచ్చే నల్లబిళ్ళ ఎవరి చేతిలో తేలుతుందో ఆ పేరు కొట్టేస్తారు, అది నేను ఇచ్చిందే అయ్యుంటుంది.

పనిలోకి వెళ్ళలేదు. మంచమెక్కాలనిపించింది, నిజంగానే. మంచం వైపు చూడాలంటేనే భయమేసి మూడో రోజు గున్నమ్మ కోసం నడిచాను.

ఒడ్డుకి పోయే దారిలో, తాటిమట్టల పాక ముందు కూర్చుని ఉంది. బియ్యం లేక ఎండుచేపలే ఉడకేసుకుని తింటోంది. బుగ్గలు లోపలికి పోయాయి. దూరంగానే నిలబడి చెప్పాను. మొత్తం చెప్పాను.

ఆమె నమలడం ఆపింది.

"ఆ మూడు బిళ్ళలూ నీయేనా?"

"నాయే."

"సంఘంలో సెయ్యెత్తినావు కదరా నువ్వు."

"ఎత్తినాను."

"ఆ సెయ్యే ఎత్తినావు."

తిడుతుందేమో, ఇసక ఎత్తి ముఖాన కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. పళ్ళెం పక్కకి నెట్టి, నా కుడిచేతి వైపే చూస్తూ అంది.

"పెళ్ళాం ఉందిరా నీకు, ఆవుదం రాయడానికి. నాకెవులున్నారు? గురువారం ఒస్తాను సంతకి. నానేటీ అడగను. నిల్సుంటాను, అంతే."

గురువారం రాకుండా ఉంటే బాగుండునని అన్ని రోజులూ అనుకున్నాను. వచ్చింది. లోలాక్షి పొద్దున్నే ఆముదం, బూడిద గిన్నెలో కలిపి నా ముందు పెట్టింది. వద్దనలేకపోయాను. ఆమే రాసింది, ఒక్కొక్క వేలూ పట్టుకుని, నిదానంగా.

సంతలో రెండు వరసలు. కిందటివారం నెగ్గినవాళ్ళకి పరీక్ష లేదు, నేరుగా లోపలికి పోవచ్చు. మిగిలినవాళ్ళు కుంకుడు పళ్ళెంలో చెయ్యి కడుక్కుని బిళ్ళ పట్టుకోవాలి. దాలినాయుడు నన్ను చూసి నవ్వుతూ చెయ్యూపాడు.

"నీకెందుకురా ఇటు? నువ్వు లోపలికి ఎల్లిపో."

గున్నమ్మ వచ్చింది. ఖాళీ గంప చంకన పెట్టుకుని, చింతపండు అమ్మేవాడి వెనక నిలబడింది. ఆమె చుట్టూ మనిషి పొడవు జాగా వదిలి జనం తిరుగుతున్నారు. ఆమె నన్ను చూస్తోంది. అన్న మాట ప్రకారం నోరు విప్పలేదు.

లోలాక్షి నా చొక్కా అంచు పట్టుకుని లోపలికి లాగింది. రెండడుగులు నడిచాను. సంతలోంచి ఉల్లిపాయల వాసన, కొత్త బియ్యం వాసన వస్తున్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే ఈ వారం గడిచిపోతుంది. వచ్చే వారం సంగతి వచ్చే వారం.

వెనక్కి తిరిగాను.

"మావా," అంది లోలాక్షి. చొక్కా వదల్లేదు.

పళ్ళెం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కుడిచెయ్యి నీళ్ళలో ముంచాను. మొదట ఆముదం తేలింది, తర్వాత బూడిద కిందికి దిగింది. దాలినాయుడి నవ్వు సగంలో ఆగింది. మేడం దగ్గరికొచ్చి నా చెయ్యి తుడిచింది. బిళ్ళ పెట్టింది.

"గున్నమ్మని దగ్గిరికి రమ్మనండి," అన్నాను. "ఆమి సూడాల."

జనం జరిగారు. ఆమె గంప దించి నా ఎదురుగా కూర్చుంది. అగరుబత్తి ముట్టించారు.

అప్పుడే కోసిన లేత నాచు. ఇంకా పచ్చగానే ఉంది. ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలిసినా దాని అంచునే చూస్తున్నాను, రెప్ప వెయ్యకుండా. ఎక్కడో ఒక మూల పచ్చదనం మిగిలిపోతుందేమోనని.